ముందు డోర్ నుంచి ఎక్కిన ఎమ్మెల్యే

ఈ రోజు మధ్యాహ్నం నాంపల్లిలో మా సిటీ బస్సు ఎక్కిన ఒక ఎమ్మెల్యే గారు అబిడ్స్ దాకా నిలబడే ప్రయాణం చేశారు. ఆ ముచ్చట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

తాను సామాన్యుడిలా బస్సులో తిరుగుతున్నట్టు వీడియో తీయించుకోవడానికి వచ్చారాయన. వెంట ఒక అనుచరుడు, ఒక కెమెరామన్. ముగ్గురూ ఆడవాళ్లెక్కే ముందు డోర్ నుంచే ఎక్కారు. బస్సెక్కి ఎన్నేళ్లయిందో అక్కడే తెలిసిపోయింది. అప్పుడే ఖాళీ అయిన ఆడవాళ్ల సీట్లో దర్జాగా కూర్చుని కెమెరాకి నమస్కారం పెట్టారు.

ఆ సీటు కోసం నా పక్కన ఒకామె నిలబడి ఉంది. దవాఖానలో ఆయా, డ్యూటీ దిగి ఇంటికి పోతోంది.

"సార్, గిది ఆడోళ్ల సీటు. జర లేవుండ్రి," అంది.

"సార్ ఎవరనుకున్నవ్? ఎమ్మెల్యే," అన్నాడు అనుచరుడు.

"గట్లనా? మరి అసెంబ్లీల సార్ సీట్ల నేను పోయి కూసుంటే ఊకుంటరా?"

బస్సంతా ఒక్కసారిగా నవ్వింది. కండక్టరమ్మ టికెట్ మిషన్ మీంచి తల కూడా ఎత్తలేదు. "ఎనకకు పోండ్రి సార్, నిలవడనీకి జాగ ఉంది," అంది.

ఆయన లేచారు. ఆమె కూర్చుని, చెప్పులు విడిచి కాళ్లు చాపుకుంది. బ్రేక్ పడినప్పుడల్లా ఆయన రెండు చేతులతో రాడ్ పట్టుకుని ఊగుతుంటే, ఇన్నేళ్లుగా ఓటేస్తున్నందుకు మొదటిసారి తృప్తిగా అనిపించింది.

సాయంత్రం నుంచి ఆయన పేజీ చూస్తూనే ఉన్నాను. ఆ వీడియో ఇంకా పెట్టలేదు. మీకెక్కడైనా కనిపిస్తే నాకు పంపండి.