అమ్మకి నచ్చిన బొమ్మ

మా చిన్నప్పుడు... ఒక బొమ్మని వాసన చూసి తిట్లు తిన్నాను నేను.

ఏడో తరగతిలో స్కూలు వాళ్లు మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్లారు. సముద్రం చూడ్డం అయ్యాక ఒక మ్యూజియం. పిల్లలందరూ గుర్రం మీద రాజుగారి బొమ్మ దగ్గర మూగిపోయారు. నేను మాత్రం పక్క గదిలో గోడకి తగిలించిన ఓ రంగుల బొమ్మ ముందు అలాగే నిలబడిపోయాను.

బెల్లం వండుతున్న బొమ్మ అది. పాకం ఉడుకుతున్న పెద్ద పెనం, పైన ఆవిరి, కింద పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట వేస్తున్న ఒకావిడ... మొహం లేదు, వీపు మాత్రమే కనిపిస్తోంది.

మాది మునగపాక దగ్గర పల్లెటూరు. చెరుకు సీజన్లో మా అమ్మ పని అదే. గానుగలో రసం తీసేసిన చెరుకు పిప్పిని ఎండబెట్టి, గుప్పెడు గుప్పెడు పొయ్యిలోకి ఎగదొయ్యాలి. మంట తగ్గితే పాకం కుదరదు, పెరిగితే బెల్లం నల్లబడిపోతుంది. అందుకే ఆ మనిషి అక్కణ్ణించి కదలడానికి ఉండదు.

ఆ బొమ్మలో వీపు మా అమ్మదేనని నేను తేల్చేశాను. పాకం రంగు ఎంత బాగా కుదిరిందంటే... నాకు తెలీకుండానే వెళ్లి ముక్కు పెట్టేశాను.

"ఏటమ్మా, బొమ్మని నాకేత్తావేటి?" అని కాపలా ఆయన కేకేశాడు.

వాసనైతే రాలేదు. సిగ్గు మాత్రం బోలెడు వచ్చింది. అయినా వదల్లేదు నేను. "మా అమ్మని తెచ్చి సూపిత్తాను, ఈ బొమ్మ ఇక్కడే ఉంటాదా?" అని అడిగాను. నెలాఖరుకి ఆ గదిలో బొమ్మలన్నీ మార్చేస్తారని చెప్పాడాయన.

ఇంకేముంది... పట్టుకుంది నాకు. అమ్మ ఈ బొమ్మ చూసి తీరాలి. రోజంతా పొగలో కూర్చునే మనిషిని ఎవరో ఇంత అందంగా వేశారని తనకి తెలియాలి.

అమ్మతో చెబితే నవ్వేసింది. "నాను ఎలిపోతే పొయ్యి కాడ ఎవులు కూకుంటారే? సీజనయ్యాక సూద్దారిలే" అంది. సీజనయ్యేదాకా బొమ్మ ఉండాలి కదా!

మా మేనత్తకి కూడా ఆ పని వచ్చు. "అత్తా, ఒక్కరోజు మా అమ్మ బదులు కూకో" అని వెంటపడ్డాను.

"కూకుంటే నాకేటిత్తావు కోడలా?" అంది అత్త.

వారం రోజులు తను ఆరబెట్టాల్సిన పిప్పి నేను ఆరబెడతానన్నాను. అత్త నవ్వులాటకి అడిగింది గానీ, నేను మర్నాడే మొదలుపెట్టేశాను. పొద్దున్నే బడికి ముందు తడి పిప్పి ఎత్తి పరచడం, సాయంత్రం తిరగేసి కుప్ప వెయ్యడం. చేతులన్నీ గీరుకుపోయాయి... నీళ్లు తగిలితే మంట. మూడోరోజుకి అత్తే జాలిపడి "సాల్లే, ఒగ్గీ" అంది. నేను వినలేదు. ఏడు రోజులంటే ఏడు రోజులే.

ఎనిమిదో రోజు అత్త వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. అమ్మా నేనూ అనకాపల్లి వచ్చి వైజాగ్ బస్సెక్కాం. అమ్మ ట్రంకు పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది. దారి పొడుగునా కలరా ఉండల వాసన... నా వాగుడు.

తిన్నగా బొమ్మ ముందుకి లాక్కెళ్లాను. ఉంది!

"సూడమ్మా... నువ్వే!" అన్నాను.

అమ్మ కొంచెం వంగి చూసింది. "బాగానే ఏసేడు... పాపం, ఈవిడికి ఓ పీటైనా ఎయ్యలేదేటి? నడుం లాగెయ్యదా?" అంది.

అంతే. అక్కణ్ణించి కదిలిపోయింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వారం రోజుల కష్టం... పీట గురించి వినడానికా?

కళ్లు తుడుచుకుని చూస్తే, అమ్మ గది చివర ఓ చిన్న బొమ్మ ముందు నిలబడి ఉంది. అందులో పెద్దగా ఏమీ లేదు. మిట్టమధ్యాహ్నం, కిటికీ పక్కన మంచం, మంచం మీద పక్కకి తిరిగి నిద్రపోతున్న ఒకావిడ. మంచం కింద మంచినీళ్ల చెంబు.

చాలాసేపు చూసింది అమ్మ. అంతసేపు అలా ఊరికే నిలబడగా తనని నేనెప్పుడూ చూడలేదు.

"నాకిది నచ్చిందే" అంది చివరికి. "పట్టపగలు ఎంత బాగా తొంగుందో సూడు... ఎవులూ కేకెయ్యలేదు."

మా అమ్మ పగలు పడుకోవడం నాకు తెలీదు. తనకేం ఇష్టమో ఒక్కసారీ అడగలేదు నేను. పొయ్యి దగ్గర్నుంచి లేపి, బస్సెక్కించి, అంత దూరం తీసుకొచ్చి... మళ్లీ పొయ్యే చూపించాను! ఆ కాపలా ఆయన తిట్టినప్పటికంటే ఎక్కువ సిగ్గేసింది.

ఇంటికొచ్చాక ఇంకో పట్టు పట్టాను. గానుగ ఆడని రోజు వస్తే చాలు... అన్నాలయ్యాక అమ్మని మంచం ఎక్కించి, తలుపు దగ్గరగా వేసి, గుమ్మంలో కూర్చునేదాన్ని. పక్కింటావిడ జల్లెడ కోసం వచ్చినా, నాన్న టీ కోసం కేకేసినా ఒకటే జవాబు... "మా అమ్మ తొంగుంది."

మొదట్లో అమ్మ నన్ను తిట్టి, కాసేపు అటూ ఇటూ దొర్లి లేచిపోయేది. కొన్నాళ్లకి ఓ మధ్యాహ్నం లోపల్నించి గురక వినిపించింది. క్లాసు ఫస్టు వచ్చినప్పుడు కూడా నేను అంత సంతోషపడలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఆ గానుగ లేదు. ఆ రెండు బొమ్మలూ ఏ గదికి వెళ్లాయో తెలీదు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. పొయ్యి లేదు, పొగ లేదు... ఫోను వచ్చింది. పూర్వం ఎవరైనా గుమ్మం దాకా వస్తే నేను ఆపగలిగేదాన్ని. ఇప్పుడు అందరూ తిన్నగా మంచం మీదకే కేకేస్తున్నారు.

అందుకే అన్నం తినగానే అమ్మ ఫోను తెచ్చి నా దగ్గర పెట్టేసుకుంటాను. ఎవరు చేసినా ఇన్నేళ్లయినా నాది అదే జవాబు... "మా అమ్మ తొంగుంది."

మీ అమ్మకి ఎలాంటి బొమ్మ నచ్చుతుందో ఎప్పుడైనా అడిగారా...? అడిగి, ఏం చెప్పిందో ఇక్కడ రాయండి.

పడుకుని ఉంటే మాత్రం లేపకండి.