వరస తప్పని మంద

దేవరకొండ బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టే స్వరూపకు ఫోనులో ఒక మంద ఉంది. గొర్రెల మంద కాదు. వింత జీవాలను పట్టి, జత కట్టించి, గుడ్లు పొదిగించి, పుట్టిన పిల్లలను పోటీకి దించే ఆట అది. కరోనా రోజుల్లో షాపు మూసుకుని కూర్చున్నప్పుడు, పక్కనే ఫోన్లు రిపేరు చేసే మరిది దివాకర్ సరదాకు నేర్పించాడు. ఇప్పుడామె జాకెట్టు కొలతలు తీస్తూ మధ్యలో "జర ఆగమ్మా, గుడ్డు పగులుతాంది" అని ఫోను అందుకుంటుంది. నేర్పినందుకు దివాకర్ తల పట్టుకుంటున్నాడు.

ఎందుకంటే స్వరూప ఆ ఆటను తన పద్ధతిలో ఆడుతుంది. ఆటలో పుట్టే పిల్లకు తల్లి రూపం, తండ్రి విద్య వస్తాయి. ఆ పిల్లను తిరిగి తండ్రికే జత చేస్తే విద్య రెట్టింపవుతుంది. ఆడేవాళ్లందరూ చేసేది అదే. దివాకర్ కూడా అట్లాగే చేసి, ఒంటినిండా మంటలున్న నిప్పుతొండను తయారుచేశాడు. ఆ కిటుకు చెప్పిన రోజు స్వరూప చేతిలోని కత్తెర పక్కన పడేసింది.

"తండ్రికి బిడ్డనిస్తరా? సిగ్గు శరం లేదా నీకు?"

"అవి బొమ్మలు వదినా. గేమ్ల వరసేంది?"

"బొమ్మలైతేంది? పుట్టిచ్చింది నువ్వే గదా?"

ఆమె పుట్టినిల్లు కేతేపల్లి దగ్గర. తండ్రి ఎల్లస్వామి గొర్రెల కాపరి. మందలో పుట్టిన పొట్టేలును అదే మందలో ఉంచుకోకుండా, వేరే ఊరికి తోలుకెళ్లి అక్కడి పొట్టేలును మార్చుకొచ్చేవాడు. స్వరూప తండ్రిని కూడా మించిపోయింది. మేనరికం అవుతుందా, అన్నాచెల్లెళ్ల వరస అవుతుందా అని చూడనిదే ఏ జతకూ ఒప్పుకోదు. సంబంధాల కోసం ఆటలో ముక్కూ మొహం తెలియని వాళ్లను కూడా అడుగుతుంది. రామన్నపేటలో వర్షిత అనే డిగ్రీ చదివే పిల్ల తన వానకప్పను ఇస్తానంటే, "దాని తల్లెవరు, తండ్రెవరు?" అని ఆరా తీసింది. వర్షిత నవ్వాపుకోలేక ఫోను పెట్టేసి, తేరుకున్నాక మళ్లీ చేసి వివరాలన్నీ చెప్పింది. సంబంధం కుదిరింది.

ఇంత చేసి ఆమె పెంచేది దేన్నయ్యా అంటే, ముళ్లతాబేలును. ఆట మొదలెట్టిన ప్రతివాడికీ ఊరికే దొరికేది, ప్రతివాడూ మర్నాడే వదిలేసేది అది. నిప్పు తగిలిందా, నిలువునా కాలిపోతుంది. మొదట తన చేతికొచ్చిన జీవం కాబట్టి దాని వంశమే నిలబెడతానని స్వరూప పట్టు.

దివాకర్‌కు ఒళ్లు మండి, ఒక ఆదివారం పొద్దున పందెం వేశాడు.

"నా నిప్పుతొండకు, నీ తాబేలుకు కొట్లాట పెడదాం. ఓడిపోతే నువ్వు గూడ తండ్రీబిడ్డలను జతగట్టాలె. మల్ల వరస అనొద్దు."

"గెలిస్తే?"

"గెల్సినప్పుడు జూద్దాం తియ్యి."

ఆ తీసిపారేసిన మాటకే ఆమెకు రోషం వచ్చింది. సరేనంది. ఓడితే ఆ పాడు పని తన చేతులతోనే చేయాలి. ఇచ్చిన మాట తప్పడం ఆమెకు చేతకాదు.

సాయంత్రం దివాకర్ షాపు ముందు పదిమంది మూగారు. చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చిన రామమ్మ కూడా, ఏమీ అర్థం కాకపోయినా, వదినా మరిదుల కొట్లాట చూద్దామని నిలబడింది. నిప్పుతొండ మొదటి మంటకే తాబేలు బలం సగానికి పడిపోయింది.

"అయిపాయె వదినా. ఇగ ఒప్పుకో."

"ఆగు. దాని నాయిన విద్య ఇంక నువ్వు జూడలే."

స్వరూప వేలు నొక్కింది. తాబేలు నోరు తెరిచింది. వాన కురిసింది! ముళ్లతాబేలు వాన కురిపిస్తుందని దివాకర్ కలలో కూడా అనుకోలేదు. రామన్నపేట నుంచి అల్లుడిగా వచ్చిన కప్ప తెచ్చిన విద్య అది. మంటలన్నీ ఆరిపోయాయి. నిప్పుతొండకు మంట తప్ప ఇంకో విద్య రాదు, తరతరాలుగా ఒకే ఇంట్లో తిరిగిన జీవం మరి. రెండో జల్లుకు కూలబడింది.

"ఎవలు గెల్సిండ్రు?" అని రామమ్మ అడిగింది.

"మా తాబేలు" అంది స్వరూప. ఎవరూ లెక్కచేయని జీవాన్ని వరస తప్పకుండా ఇంతదాకా తెచ్చింది తనే. ఆ మాట ఎవరో అనేదాకా ఆగకుండా తనే రెండుసార్లు అనుకుంది.

జనం వెళ్లిపోయాక దివాకర్ మెల్లగా వచ్చి, కుట్టుమిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, నీ మందలకెల్లి ఒక మొగ తాబేలును ఇయ్యవా? మా తొండకు సంబంధం జూస్తున్న."

"ఇస్త. పిల్ల నాయినెవరు?"

"నాయిననే... తాత గూడ."

"ఛీ! ఆ ఇంటికి నా పిల్లగాన్ని ఇయ్య." కానీ మరిది మొహం చూస్తే ఆమెకు జాలేసింది. "వర్షిత దగ్గర ఇంకో తొండ ఉందట. నీకు అడిగి జూస్త. దానికైతే మా పిల్లగాన్ని ఇస్త."

దివాకర్ నవ్వకుండానే అడిగాడు.

"గా కప్ప మన తాబేలుకు నాయిన గదా వదినా. మరి వర్షిత వాళ్ల తొండ మనకు వరసైతదా?"