నొక్కితే ప్లస్

మా యూనివర్సిటీలో శుక్రవారం మధ్యాహ్నం ఇంజినీరింగ్ బ్రాంచీలన్నీ ఒకే హాల్లో కూర్చుంటాయి. ఎవరో ఒకరు తాము చేస్తున్న పరిశోధన గురించి మాట్లాడతారు. ఈ అలవాటు మొదలుపెట్టింది నేనే. కడప ఎండలో భోంచేసి వచ్చిన మనిషికి పక్క బ్రాంచి సంగతులు వినిపించడం తేలిక కాదు. అందుకని చివర్లో ఉగ్గాని, బజ్జీ ఉంటాయని ముందే చెప్పించేవాణ్ణి. వాసన హాల్లోకి వచ్చేసరికి మాట్లాడేవాళ్ళు కూడా ఆఖరి స్లైడ్లు గబగబా తిప్పేసేవాళ్ళు.

నాకు ఆ హాలంటే ఇష్టం. అక్కడి ప్రొజెక్టర్ అన్ని రంగులనూ పసుపుగా చూపిస్తుంది. వేరుశనగ ఆకు ఫొటో చూసి తెగులు కనిపెట్టే ప్రోగ్రాం గురించి చెబుతూ ఒక కంప్యూటర్స్ లెక్చరర్, "ఇది మంచి ఆకే, మీరు నన్ను నమ్మాల" అని బతిమాలాడు. ఎలక్ట్రికల్ ఆయన సోలార్ పలకల మీద పేరుకునే దుమ్ము గురించి అరగంట చెప్పాక, సివిల్‌లో ఉన్న నా మిత్రుడు లేచి, "ఇంత కష్టమేల, వానొస్తే కొట్టుకపోతాది గదా" అన్నాడు. "వాన యాడొస్తాదప్పా మనకు" అన్నాడు ఎలక్ట్రికల్ ఆయన. ఆ ప్రసంగంలో అందరికీ గుర్తున్నది ఆ ఒక్క మాటే.

నేను పెట్టిన నియమం ఒకటుంది. ప్రశ్నలు ముందు వేరే బ్రాంచీల వాళ్ళు అడగాలి. సొంత బ్రాంచి వాళ్ళు ఆఖరున నోరు విప్పాలి. లేకపోతే వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు, మిగిలినవాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. ఆ నియమం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ దాని నీడలో జరిగిన ఒక సంగతి మా దగ్గర తప్పుగా ప్రచారంలో ఉంది. సివిల్‌లో పరిశోధన చేసే ఒకామె గ్రాఫ్‌ను తలకిందులుగా గీసుకొచ్చిందనీ, మెకానికల్ సార్ ఇట్టే పట్టేశాడనీ చెప్పుకుంటారు. ఆ సార్ నేనే.

ఆమె రాయచోటిలో ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెబుతూ మా దగ్గర పీహెచ్‌డీ చేసేది. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కాలువ గట్లు అందుకే జారిపోతాయి. కడప బండలను పాలీషు పట్టేటప్పుడు మిగిలే తెల్లటి బురదను ఆ మట్టిలో కలిపితే గట్టు నిలుస్తుందా అన్నది ఆమె పని. బురద కోసం బండల యూనిట్ల వెంట తిరిగి, బస్సులో సంచులు మోసుకొచ్చేది. చర్చిలో పాడే గొంతు కాబట్టి ఆమెకు మైకు అక్కర్లేదు.

థీసిస్ ఇచ్చే ముందు ఆమె మా అందరి ముందూ మాట్లాడాలి. అది సరిగా జరిగితే ఆ ఏడాదిలోపు డాక్టరేటు వస్తుంది. డాక్టరేటు వస్తే ఆమె కాలేజీలో ఖాళీగా ఉన్న పర్మనెంట్ పోస్టు ఆమెకే. ఇది హాల్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ప్రసంగం బాగా సాగింది. గట్టు కింద మట్టిలో ఒత్తిడి ఎంతుంటుందో చూపే గ్రాఫ్ వచ్చింది. గీత పైకి పోతోంది. ఆమె పనిని పరీక్షించే కమిటీకి పెద్దను నేనే కాబట్టి మొదటి ప్రశ్న నాదే.

"ఏమ్మా, గట్టు బరువు మట్టిని కిందికి నొక్కుతాది గదా?"

"అవును సార్."

"మరి నీ గీత ప్లస్‌లో ఉండాదే. ప్లస్ అంటే లాగేది. నీ గట్టును పైకెవురు లాగుతాండారు?"

వెనక వరసలో ఎవరో, "క్రేన్ పెట్టినారేమో సార్" అన్నారు. హాలు గొల్లుమంది.

"మా పుస్తకాల్లో అట్లే ఉంటాది సార్..." అని ఆమె మొదలుపెట్టింది.

"పుస్తకం మీదికి నెట్టేయొద్దమ్మా. నీ గ్రాఫుకు నువ్వు చెప్పు."

ఆ తరువాత ఆమె మాటలు ముందు వరసకు కూడా వినిపించలేదు. ఆమె గైడ్ ఆ రోజు పరీక్షల పని మీద కర్నూలులో ఉన్నాడు. లెక్కలన్నీ సరిచూసుకుని వచ్చే సెమిస్టర్‌లో మళ్ళీ మాట్లాడమని తేల్చేశాను. సివిల్ వాళ్ళ వంతు రాకుండానే టైం అయిపోయింది.

వరండాలో టీ దగ్గర నా సివిల్ మిత్రుడు మెల్లగా అన్నాడు.

"ఏమప్పా, ఆయమ్మను అట్ల నిలబెట్టి కడిగేస్తివే. మీకు లాగేది ప్లస్సు. మా మట్టోళ్ళకు నొక్కేదే ప్లస్సు. మట్టిని లాగితే ఏముంటాది, చేతికి ఊడొస్తాది. అందుకే మొదట్నుంచీ మాకది అట్ల."

"ఆ మాట లోపల చెప్పాల్సింది."

"మా వంతు ఆఖరని రూలు పెట్టిండేది నువ్వే గదప్పా. అందరి ముందర నీ పరువు తీయాల్నా? టీ తాగు, ఆరిపోతాది."

టీ తాగాను. సోమవారం ఆమెకు ఫోన్ చేసి, కమిటీకి ఒక మాట చెబితే సరిపోయేది. నేను ఆ పని చేయలేదు. మొదట్లో సిగ్గు అడ్డమొచ్చింది. తరువాత అడ్డమొచ్చింది ఇంకా చిన్న సంగతి: ఆ కథ చెబితే జనం బాగా నవ్వుతున్నారు. ప్రతి ఏడూ కొత్తగా చేరిన స్కాలర్లకు, ప్లస్, మైనస్ గుర్తులు సరిచూసుకోకపోతే ఏమవుతుందో చూడండని నేనే చెప్పేవాణ్ణి. క్రేన్ మాటతో సహా.

ఆమె తరువాతి సెమిస్టర్‌లో వచ్చి అదే గ్రాఫ్‌ను రెండు రకాలుగా చూపించింది. "ఒకటి మాది, ఒకటి మెకానికల్ సార్ వాళ్ళది" అంది. తప్పు దిద్దుకొచ్చిందని అందరూ అనుకున్నారు. అప్పుడూ నేను ఊరకే ఉన్నాను. డాక్టరేటు వచ్చింది.

ఈ సంవత్సరం ఆమె మా సివిల్ విభాగంలోనే చేరింది. మొదటి శుక్రవారం నేను అలవాటు కొద్దీ ఆ కథ మొదలుపెట్టి, సగంలో ఆమెను చూశాను. ఆపాల్సింది. ఆపలేదు, పూర్తిచేశాను. పిల్లలు నవ్వారు. ఆమె తన ముందున్న నీళ్ళ సీసా మూత బిగించుకుంటూ కూర్చుంది.

బయట ఆమెను కలిసి, తప్పు నాదేనమ్మా అన్నాను.

"తెల్సు సార్. ఆ పొద్దే తెల్సు. మా గైడ్ సార్‌కూ తెల్సు. పెద్దాయనతో ఎందుకులేమ్మా, ఇంకోసారి మాట్లాడేయ్ అన్నాడు."

"నన్ను ఒక్క మాట అడిగుండొచ్చు గదమ్మా."

"మీరు అడగనిచ్చినారా సార్?" కోపంగా అనలేదు. చిన్నగా నవ్వింది కూడా. "నాకు చెప్తే ఏమొస్తాది. నవ్వినోళ్ళకు చెప్పండి."

మరుసటి శుక్రవారం బోర్డు మీద రెండు గీతలు గీసి హాలుకంతా చెప్పాను. మట్టి వాళ్ళ ప్లస్ ఏదో, మాది ఏదో, ఆ రోజు ఎవరికి తెలియలేదో చెప్పాను. నా మిత్రుడు తల వంచుకుని బజ్జీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చింది.

"ప్రతి ఏడూ కొత్త పిల్లలు వస్తాండారు సార్. ఇంక మీదట వాళ్ళకు ఈ కథ చెప్పండి."

"చెప్తానమ్మా."

"పోస్టు సంగతి చెప్పల్యా మీరు."

నిజమే. నేను ఆలస్యం చేయించిన ఆ సెమిస్టర్‌లో ఆమె కాలేజీలో పోస్టు వేరే వాళ్ళకు పోయింది. ఆమె ఇంకా కొన్నేళ్ళు టెంపరరీగానే పని చేసింది. ఆ భాగం హాల్లో మరచిపోయానని ఆమెతో అన్నాను. మరచిపోలేదు, వదిలేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.