పిట్ట తోక మీద కోత

పదకొండేళ్లుగా ఒక పిట్ట నా గుండె మీద కూర్చుని ఉంది. వేలిగోరంత కూడా ఉండదు. దాని బరువు ఎంతో నాకే తెలుసు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు. వెబ్‌సైట్లు చేయడం ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఉదయగిరి చెక్క గరిటెలు టోకున అమ్మే శెట్టిగారు వచ్చి తనకొక వెబ్‌సైటు చేసిపెట్టమన్నారు. నా మొదటి వెబ్‌సైటు అది. ఎంత పొంగిపోయానో!

పేజీలన్నీ కుదిరాయి, ఐకాన్లే కుదరలేదు. ఇల్లు బొమ్మ నొక్కితే మొదటి పేజీ, బండి బొమ్మ నొక్కితే మనం ఎంచుకున్న సరుకు, అవే ఐకాన్లు. ఉచితంగా దొరికేవి ఏరి పెట్టాను. ఒకటి లావు గీత, ఒకటి సన్న గీత, ఒకటి నీలం, ఇంకొకటి తళతళ. ఇంటికి పొగగొట్టం కూడా ఉంది, ఉదయగిరిలో పొగగొట్టం ఇల్లు ఎవరు చూశారు? శెట్టిగారు చూసి, ఇదేంది మా, సెల్‌ఫోన్ల కొట్టు మాదిరి ఉండాది, మన గరిటెలకూ దీనికీ ఏంది సంబంధం అన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన అన్నది నిజమే. చెక్క రంగు పేజీ మీద ఆ బొమ్మలు ఎరువు తెచ్చుకున్న నగల్లా ఉన్నాయి.

గరిటెలు పుట్టే చోటే చూద్దామని ఉదయగిరి బస్సెక్కాను. అక్కడ పరిచయమైంది మస్తానమ్మ. అరవై దాటిన మనిషి. కొండ కింద వీధిలో, ఇంటి ముందు నేల మీద కూర్చుని, రెండు పాదాల మధ్య గరిటె బిగించి చెక్కుతోంది. ఆ వీధిలో గరిటె కాడ చివర ఒక్కో ఇంటికి ఒక్కో బొమ్మ. ఒకరిది మల్లెమొగ్గ, ఒకరిది చేప. ఒకరి బొమ్మ ఇంకొకరు చెక్కరు. ఎవరూ రాసిపెట్టింది కాదు, అలా జరిగిపోతోందంతే. మస్తానమ్మ కాడ చివర వెనక్కి తిరిగి చూసే పిట్ట. వాళ్ల నాయన చెక్కిన పిట్ట అది. తోక మీద చిన్న కోత ఉండేది. మొట్టమొదటి పిట్టను చెక్కేటప్పుడు నాయన కత్తి జారిందట. ఆ గరిటెను చూసే ఈమె పని నేర్చుకుంది, కోతతో సహా. తప్పని తెలిశాక కూడా మానలేదట. మానితే అది నాయన పిట్ట ఎట్లవుతుంది అంది.

ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. పచ్చి చెక్క వాసన, ఆమె జుట్టు నిండా పొట్టు, స్టీలు గ్లాసులో చిక్కటి టీ. మా అమ్మ పోయాక నన్ను అంత ఆప్యాయంగా తిన్నావా అని అడిగింది ఆమే. వచ్చేటప్పుడు ఒక గరిటె చేతిలో పెట్టింది. దాన్ని అక్కడే కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పాను. ఎందుకు పాపా అంటే, బాగుంది పెద్దమ్మా అన్నాను. ఆ మాట మాత్రం నిజం.

ఆ పిట్ట మెడ వంపులోంచే మిగిలిన బొమ్మలన్నీ వచ్చాయి. అదే మందం గీత, ఎక్కడా పదునైన మూల లేకుండా. ఇంటి కప్పుకూ అదే వంపు, బండికీ అదే వంపు. పిట్టను మాత్రం కోతతో సహా అలాగే దించి, పేజీ పేరు పక్కన పైన కనిపించే చిన్న గుర్తుగా పెట్టాను. శెట్టిగారు మురిసిపోయారు. ఎవరు గీశారని అడగలేదు, నేనూ చెప్పలేదు. అడగనిది చెప్పకపోతే అబద్ధమా అనుకున్నాను.

ఏడాది తిరక్కముందే పిట్ట ఆయన డబ్బాల మీదకు, సంచుల మీదకు ఎక్కింది. ఇది మా గుర్తు, పిట్ట గరిటెలు ఇకనుంచి నాకే ఇవ్వాలి, బయట ఎవరికీ అమ్మొద్దని మస్తానమ్మకు చెప్పారట. అనుమసముద్రంపేట దర్గా దగ్గరి కొట్లకు ఆమె ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్నవే అవి. ఒకరోజు పొద్దున్నే శెట్టిగారిని వెంటబెట్టుకుని మా సెంటరుకే వచ్చింది.

"చెప్పు పాపా. మా ఇంటికొచ్చి గరిటెను కాయితం మీద పెట్టి గీసుకున్నావు గదా. ఆ మాట చెప్పు, చాలు."

శెట్టిగారు కోపంగా కూడా లేరు. "నువ్వు చెప్పు మా. ఆమెదంటే ఆమెదే. నేనేం అడ్డం చెప్పను."

ఒక్క మాట. అప్పటికే ఆ బొమ్మలు నావేనని చూపించి నెల్లూరులో ఉద్యోగం తెచ్చుకున్నాను. వాళ్ల ఉత్తరం నా సంచిలోనే ఉంది. మా ఓనరు వింటున్నాడు.

"నేనే గీసినాను సార్," అన్నాను.

"తోక మీద ఆ కోత ఏంది మరి?" అంది మస్తానమ్మ.

"డిజైను."

ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. స్క్రీను మీది పిట్టను కాసేపు చూసింది. "బాగా గీసినావు పాపా," అని, చెంగుతో మొహం తుడుచుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె ఉత్త కాడలే చెక్కుతోందని శెట్టిగారే ఒకసారి ఫోన్లో చెప్పారు. ఆయనక్కూడా పిట్ట గరిటెలు ఇవ్వలేదట. ఇప్పుడు ఆ పిట్ట ఉదయగిరిలో ఏ గరిటె మీదా లేదు.

నేను మాత్రం బాగున్నాను. నెల్లూరు ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఐకాన్లు ఎంచడం నేనే నేర్పిస్తాను. ముందు సరుకును చేత్తో పట్టుకుని చూడండి, గీత మందం మారనివ్వకండి అంటాను. మీ కన్నే కన్ను మేడమ్ అంటారు. ఆ రోజు నిజం చెప్పడానికి ఎందుకు నోరు రాలేదు? భయమా? ఉద్యోగమా? అవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. అందరూ మెచ్చుకునేసరికి, అది నాదేనని నేను నిజంగానే నమ్మడం మొదలుపెట్టాను. సిగ్గుపడాల్సింది అందుకు.

ఆ గరిటె నా వంటింట్లో ఉంది. ఒక్కసారి కూడా గిన్నెలో పెట్టలేదు. పెన్సిలు గీత కాగితం కూడా దాచాను. మస్తానమ్మ ఇంకా ఉంది, చూపు తగ్గిందట. ఆత్మకూరు వెళ్లినప్పుడల్లా ఉదయగిరి బస్సు దాకా నడుస్తాను, నెల్లూరు బస్సెక్కి వచ్చేస్తాను. ఆమె క్షమించాలని అడగడం లేదు, అడిగే మొహమూ లేదు. ఈ మాట ముందు ఆమెకు చెప్పాల్సింది, మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే. అయినా ఇన్నేళ్లకు నోటి నుంచి బయటికి వచ్చింది.

ఆ పిట్ట నేను గీసింది కాదు. మస్తానమ్మ వాళ్ల నాయనది. తోక మీద కోత డిజైను కాదు, ఆయన కత్తి జారింది.