ఖలీల్ వాళ్ళ దేవిడీ

ఇరవై ఏళ్ళకు పైగా నా గుండెల మీద ఒక రాతి గోడ ఉంది. మాటవరసకు అనడం లేదు. నాలుగు వందల ఏళ్ళనాటిది, తాటిచెట్టంత ఎత్తుది. దాన్ని మోస్తూనే అందరినీ నవ్వించాను. మీరెవరో నాకు తెలియదు. అదే నా ధైర్యం. వినండి.

వై టూ కే రోజులు. సిడ్నీలో ఒకే ఆఫీసులో ఖలీల్, నేను పాత ప్రోగ్రాముల్లోని రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసేవాళ్ళం. అతనిది వికారాబాద్ వైపు. వాళ్ళ కందిచేను మధ్యలో కుతుబ్‌షాహీల కాలపు జాగీర్దారు కట్టించిన దేవిడీ ఉండేది. అంత పెద్ద భవంతిలో మిగిలినవి ఒక కమాను, రెండు గోడలు, ఎక్కడికీ చేరని పదకొండు మెట్లు. దాని ఫోటో ఖలీల్ ఇంటి హాల్లో తలుపంత సైజులో వేలాడేది. బిర్యానీకి వెళ్తే ఆ కమాను నీడ సరిగ్గా నా కంచంలోనే పడేది. మా ఆస్ట్రేలియన్ బాసు కూడా దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఈ దేశంలో నూట యాభై ఏళ్ళ గోడ కనిపిస్తే చుట్టూ కంచె వేసి టికెట్ పెడతారు మరి! మా వంశంలో శిథిలమంటూ ఏదైనా ఉంటే అవి మా బాబాయి పళ్ళే. వాటికెవరు ఫ్రేము కడతారు?

పైగా ఖలీల్ గొప్పలు చెప్పుకునేవాడు కాదు. చెప్పుకుంటే ఎంత హాయిగా తిట్టుకునేవాణ్ణి! “ఏముందన్నా, మేకలు పండుకుంటయ్ అందుల” అనేవాడు. ఆ మేకలంటే కూడా నాకు కుళ్ళు పుట్టింది.

ఒకరోజు లంచ్‌లో అడిగాడు.

“అన్నా, భాయ్‌జాన్ ఫోన్ చేసిండు. ఎవరో ప్రొఫెసర్ దేవిడీ కొలతలు తీస్కుంటడంట. పుస్తకంల రాస్తడంట. రమ్మనాల్నా?”

పుస్తకం కూడానా! మొహం గంభీరంగా పెట్టాను.

“పిచ్చోడా, ఇవాళ కొలతలు, రేపు పురావస్తు శాఖ బోర్డు, ఎల్లుండి పొలమంతా సర్కారుది. మా వైపు ఒకాయనకి ఇలాగే ఇరవై ఎకరాలు పోయాయి.”

“నిజంగనా?”

“కళ్ళారా చూశాను. ఆ రాళ్ళున్నంత కాలం మీ అన్నకి నిద్ర ఉండదు.”

అలాంటాయన ఎవరూ లేరు. ఆ ఎకరాలూ లేవు.

వారం తిరక్కుండా వాళ్ళన్న బుల్‌డోజర్ తెప్పించాడు. ఎండకూ వానకూ మేకలకూ ఓర్చుకున్న కమాను ఒక్క పూటలో కూలింది. రాళ్ళు పశువుల కొట్టం పునాదిలోకి పోయాయి.

పడగొట్టమని నేనన్నానా? ప్రొఫెసర్ రాకుంటే చాలనుకున్నానంతే, అని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. మరి “ఆ రాళ్ళున్నంత కాలం” అన్నదెవరు?

ఖలీల్ ఇప్పుడు సిడ్నీ శివార్లలోని స్కోఫీల్డ్స్‌లో ఉంటాడు. ఆ ఫోటో చూడలేక తీసేశాడు. ప్రతి రంజాన్‌కూ షీర్‌ఖుర్మా తెచ్చి, “ఈ అన్న చెప్పబట్టే మన పొలం దక్కింది” అని పిల్లలకు చెబుతాడు. నిజం చెబుదామని నోరు తెరుస్తాను. తెరిచిన నోట్లో చెంచా పెట్టుకుంటాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కూల్చేశారన్న కబురు చెబుతూ ఖలీల్ ఆఫీసు వంటగదిలో ఏడ్చాడు. అతని భుజం మీద చెయ్యి వేశాను. నాకు బాధ కలగలేదు. ఆకలేసింది. అతను ముట్టని టిఫిన్ డబ్బా కూడా నేనే ఖాళీ చేశాను. ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు ఖలీల్ కాదు కదా. చెప్పాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి నాకు రావలసిందేమీ లేదు.