పేము కుర్చీ ఎదుట మా మామగారు

మా మామగారు పోయిన శుక్రవారం సాయంత్రం కన్నుమూశారు. నా కూతురు ఆఖరి పరీక్ష రాసి వచ్చిన రోజు అది. ఏం రాసిందో అంతా చెప్పించుకుని విన్నారు. "ఇంక పడుకుంటా తల్లీ" అన్నారు. మళ్లీ లేవలేదు.

ఆయన బోగోలు దగ్గర ఉప్పు కొఠారులో గుమాస్తాగా పనిచేశారు. జీతం తెచ్చి నా చేతికే ఇచ్చేవారు. ఇంటి లెక్కలు నావి. పొడుం డబ్బీకి కూడా నన్ను అడిగి తీసుకునేవారు.

నా మొదటి బిడ్డ ఇంట్లోనే, పురిట్లోనే పోయింది. మళ్లీ నెల తప్పినప్పుడు, కాన్పు నెల్లూరు మిషన్ ఆసుపత్రిలోనే జరగాలని ఆయన పట్టుబట్టారు. నయాపైసల్లో లెక్క రాయడం అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజులు. మా ఆయనకు పని లేదు. జీతం పెరిగితే తప్ప ఆ ఖర్చు మోయలేమని నేనే చెప్పాను.

యజమానిని ఎన్నడూ ఏదీ అడిగిన మనిషి కాదాయన. అందుకని సాధన మొదలుపెట్టారు. వేకువనే వసారాలో కొత్త పేము కుర్చీ వేసి, భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుని, దాని ఎదుట నిలబడేవారు.

"అయ్యా, కోడలికి నెలలు నిండతా ఉండాయి. జీతం కొంచెం చూడాల."

కాసేపు ఆగేవారు. తర్వాత యజమానిలాగే ముందు దగ్గి, ఆ గొంతుతోనే జవాబు చెప్పుకునేవారు. "వానకు ఉప్పంతా కరిగిపొయ్యె గుమస్తా. నేనేడ తెచ్చేది?"

వంటింట్లో మా అత్త నవ్వేది. "ఆ కుర్చీకి చెవులుంటే ఈపాటికి ఇచ్చేసుండును గదయ్యా."

"నవ్వబాకమే. అడిగే మాట తక్కువుండాల, నిలబడేది ఎక్కువుండాల" అనేవారు. ఆ కుర్చీలో మాత్రం మమ్మల్నెవర్నీ కూర్చోనివ్వలేదు.

కొఠారులో యజమాని ఎదుట నోరు పెగలక రోజూ తిరిగి వచ్చేవారు. నాకు ఎనిమిదో నెల వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నమే వచ్చి గడపలో కూలబడ్డారు.

"ఇచ్చినాడు."

"అడిగినారా మామా?"

"లేదమ్మా. నేను పోంగానే ఆయనే అన్నాడు. 'తెల్లారకముందే మా ఇంటికొచ్చి, చంకలో కండువా పెట్టుకోని నా మంచం కాడ నిలబడబాక గుమస్తా. నిద్ర పట్టడంలా. ఇస్తాలే, ఇంక రాబాక' అన్నాడు."

యజమాని ఇల్లు కావలిలో. మామగారు ఆ గడప ఎన్నడూ తొక్కలేదు. ఈసారి అత్త నవ్వలేదు. ఆ సాయంత్రమే ఆయన కుర్చీని గోడ వైపు తిప్పి పెట్టారు.

నా కూతురు ఆసుపత్రిలో క్షేమంగా పుట్టింది. ఇవాళ అది నా కళ్లముందు తిరుగుతున్నదంటే ఆయన అలా నిలబడినందుకే.

ఆ యజమాని పోయి ఏళ్లయింది. పోయిన నెల, ఆయాసంతో మంచం పట్టిన మామగారు ఒక వేకువన వసారాలో కనిపించారు. కుర్చీ ఇటు తిరిగి ఉంది. ప్రార్థన చేస్తున్నారనుకున్నాను. కానీ ప్రార్థనకు ఆయన మోకరించి కళ్లు మూసుకుంటారు. ఇప్పుడు నిలబడి ఉన్నారు, కళ్లు తెరిచి, కండువా చంకలో పెట్టుకుని.

"చిన్నదాని పరీక్షలయ్యేదాకా అయ్యా. అంతకుమించి అడగను."

ఆగారు. దగ్గు వినిపించింది. ఆయన ఆయాసపు దగ్గే అనుకుందామంటే, ఆయన పెదవులు మూసే ఉన్నాయి. కాసేపటికి కండువా భుజాన వేసుకుని "సరేనయ్యా" అన్నారు.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా చాపల మీదే కూర్చున్నారు. ఈ ఉదయం వసారా ఊడుస్తూ ఆ కుర్చీని పక్కకు జరిపాను. ఇన్నేళ్లలో ఎవరూ కూర్చోని ఆ కుర్చీలో, పేము అల్లిక, సరిగ్గా మధ్యలో, ఒక మనిషి బరువుకు దిగినట్టుగా లోతుగా కుంగి ఉంది.