అవిభాజ్యము అన్న మాట

తెలిసిన నిజం పిల్లలకు చెప్పడం తప్పెలా అవుతుంది? అరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు చెప్పవలసిన మనిషి పేరే సమాధానం.

గూడూరులో నేను తెలుగు చెప్పిన బడిలో ఆయన సైన్సు మాస్టరు. 1961లో నేను చేరేసరికే పన్నెండేళ్లుగా పిల్లల చేత ‘పరమాణువు అవిభాజ్యము’ అని వల్లె వేయిస్తున్నారు. నా తరగతిలోకి గోడ దాటి వినపడేది.

“అణుబాంబు పడి పదహారేళ్లయింది గదండీ, ఇంకా పగలదంటారేం?” అన్నాను ఒకసారి.

“మన పుస్తకంలో ఇంకా పడలేదబ్బయ్యా,” అన్నారు. నవ్వలేదు.

ఏటా ఆ పాఠానికి ఆయన కాకిబంగారం, అదే అభ్రకం, ముక్కలు తెచ్చి, చాకుతో రేకులు తీయమని పిల్లలకిచ్చేవారు. ఇక చీలని చోటు వస్తే దాన్ని పరమాణువు అనుకోమనేవారు. ఆ ఏడు పబ్లిక్ పరీక్ష రాయబోయే చెంచులక్ష్మి తీసిన రేకు ఊపిరి తగిలితే ఎగిరేట్టుంది. తల్లి ఆదిశేషమ్మ అభ్రకం షెడ్డులో రేకులు తీసే మనిషి. పిల్ల పాసైతే నర్సు ట్రైనింగు, తప్పితే అదే షెడ్డు.

“ఇంక చీలదు గదమ్మా?” అని ఆయన ఆ పిల్లను అడిగారట.

“చాకు మొద్దుబారి ఆగినాను సార్. రేకు ఆగలా.”

ఆ సాయంత్రం ఆయన ఆ రేకును కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. మర్నాడు బోర్డు మీద ‘అవిభాజ్యము’ అని రాసి, కొట్టేశారు. పరమాణువును మొదట గట్టి గుండు అనుకున్నారని, తర్వాత అందులోనుంచి ఎలక్ట్రాన్లు బయటపడ్డాయని, బంగారు రేకు మీదికి వదిలిన కణాల్లో ఏవో కొన్ని వెనక్కి తిరిగొచ్చాక, లోపలంతా దాదాపు ఖాళీ అనీ నడుమ చిన్న గింజ ఉందనీ తెలిసిందని, చివరికి ఆ గింజా పగిలిందని వారం రోజులు చెప్పారు. నేను పద్యం ఆపి విన్నాను.

పబ్లిక్ పరీక్షలో ‘పరమాణువును నిర్వచింపుము’ అన్న ప్రశ్న వచ్చింది. మూడు మార్కులు. చెంచులక్ష్మి సార్ చెప్పిందే రాసింది. సైన్సులో మూడు మార్కులు తక్కువై తప్పింది. పోయినవి ఆ మూడేనా అన్నది ఎవరికీ తెలియదు.

ఆయనా నేనూ షెడ్డుకు వెళ్లాం. తల్లి పక్కన కూర్చుని చెంచులక్ష్మి రేకులు తీస్తోంది.

“సెప్టెంబరులో మళ్లీ రాద్దువు గాని. నేను చెప్తాను,” అన్నారు సమాధానం గారు.

ఆ పిల్ల తల ఎత్తలేదు. “ఏం రాయమంటారు సార్? పగలతాదనా, పగలదనా?”

ఆయన వంగి కింద పడ్డ రేకొకటి తీశారు.

“పేరు పెట్టుకుంటే సరా అయ్యవారూ,” అంది ఆదిశేషమ్మ. “అడిగింది గదా, చెప్పండి.”

తిరిగి వస్తూ నాకన్నా పది అడుగులు ముందు నడిచారు. బాంబు సంగతి మొదట ఎత్తింది నేనేనని ఆయనకు గుర్తుందో లేదో.

సోమవారం ఆయన బడికి రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. సెలవు చీటీ కూడా పంపలేదు. తెల్లవారుజామున మద్రాసు బండి ఎక్కారని, చేతిలో పెట్టె ఉందని బంట్రోతు వెంకయ్య చెప్పాడు.

“మీకు చెప్పే ఉంటారనుకున్నానే,” అన్నాడు.